డిగ్రీ వస్తుంది, వర్క్ పర్మిట్ రాదు: మేనకోడలి గురించి అడిగిన మేనమామకి

నమస్తే అండీ. మీ ప్రశ్న రెండు మూడు సార్లు చదివాను. నాకు అర్థమైనది ముందు చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి. మీ అక్క, బావగారు, పాప 2013 ఆగస్టులో హెచ్-1బి (ఉద్యోగి), హెచ్-4 (కుటుంబం) వీసాల మీద కాలిఫోర్నియా వచ్చారు, అప్పటికి పాపకి తొమ్మిదేళ్ళు. 2019లో బావగారి ఉద్యోగం పోయింది, కొత్త కంపెనీ వేసిన పిటిషన్ తిరస్కరించారు, "పాప స్కూలు అయ్యేదాకా చూద్దాం" అనుకుంటూ ఉండిపోయారు. పాప అక్కడే హైస్కూల్ అయ్యాక స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదివి ఈ మే నెలలో పట్టా పుచ్చుకుంటోంది. మీరు ఉండేది డల్లాస్. కంపెనీల నుంచి పిలుపులు వస్తున్నాయి, చేరే దారి ఉందా, సిటిజన్ అబ్బాయికిచ్చి పెళ్ళి చేస్తే అయిపోతుందంటున్నారు, నిజమేనా, పోనీ ఇండియా పంపేస్తే నయమా, మేనమామగా నేనేం చేయాలి అని అడిగారు.

నేను లాయర్‌ని కాను. కాలిఫోర్నియాలోనే ఒక పబ్లిక్ యూనివర్సిటీ కెరీర్ సెంటర్‌లో పన్నెండేళ్ళుగా కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. కాగితాలు లేని పిల్లలు ఏటా మా దగ్గరికి వస్తారు. ఎక్కువమంది మెక్సికో, సెంట్రల్ అమెరికా కుటుంబాల పిల్లలే, కానీ మనవాళ్ళు లేరనుకోకండి, ప్యూ రీసెర్చ్ సెంటర్ అంచనా ప్రకారం 2022లో అమెరికాలో అనుమతి లేకుండా ఉంటున్న భారతీయులు సుమారు 7,25,000 మంది. మన పిల్లలు వచ్చినప్పుడు ఒక్కటే తేడా చూశాను. బల్ల మీద నా పేరు చూసి "మీరు తెలుగా?" అని అడుగుతారు, ఆ అడగడంలో సంతోషం ఉండదు, టెన్షన్ ఉంటుంది. తెలుగువాళ్ళకి తెలిస్తే ఊరంతా తెలిసినట్టే కదా మరి.

ముందు ఒక గందరగోళం తీసేస్తాను, ఎందుకంటే బంధువులు మూడు రకాల పిల్లల్ని ఒకే గాటన కట్టి సలహాలు ఇచ్చేస్తుంటారు. మొదటి రకం, తల్లిదండ్రులు ఇంకా హెచ్-1బిలో ఉండి, గ్రీన్ కార్డ్ క్యూలో పడి, 21 నిండగానే హెచ్-4 పోయే పిల్లలు. వాళ్ళు ఎఫ్-1 అనే స్టూడెంట్ వీసాకి మారొచ్చు, ఓపీటీ, అంటే చదువయ్యాక కొన్నాళ్ళు పని చేసే అనుమతి, తీసుకోవచ్చు. మీ పాప సంగతి అది కాదు. రెండో రకం డాకా ఉన్నవాళ్ళు. చిన్నప్పుడు వచ్చిన కాగితాలు లేని పిల్లలకి తాత్కాలిక రక్షణ, వర్క్ పర్మిట్ ఇచ్చే పథకం అది, 2012 జూన్ 15న ఒబామా ప్రభుత్వం ప్రకటించింది. దానికి 2007 జూన్ 15 నుంచి ఇక్కడే ఉండి ఉండాలి. పాప వచ్చిందే 2013లో. అసలు 2021 జూలైలో టెక్సాస్ కోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి కొత్తవాళ్ళకి డాకా ఇవ్వడం లేదు, పాతవాళ్ళకి రెన్యూవల్స్ మాత్రం నడుస్తున్నాయి. ఇప్పుడు కాలేజీల్లో ఉన్న కాగితాలు లేని పిల్లల్లో చాలామంది ఈ మూడో రకం, అంటే వర్క్ పర్మిట్ ఏ రూపంలోనూ లేనివాళ్ళు. కాబట్టి 2015లోనో 2016లోనో ఎవరికో పనికొచ్చిన సలహా వాట్సాప్‌లో వస్తే అది మీకు పనికిరాదని తెలుసుకోండి.

ఇక అసలు సంగతి. మీ దగ్గర ఇప్పుడున్న విలువైన వస్తువు ఆ ఆఫర్లు కాదు, మే దాకా ఉన్న టైమ్. పాప స్టూడెంట్‌గా ఉన్నంతకాలం ఆమెకి ఉచితంగా ఇమ్మిగ్రేషన్ లాయర్ దొరుకుతారు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ (కాల్ స్టేట్) క్యాంపస్‌లలో, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లలో, కమ్యూనిటీ కాలేజీలలో కూడా ఈ సర్వీస్ ఉంది, చాలామంది పిల్లలకి అది ఉన్నట్టే తెలియదు, తెలిసినా "వెళ్తే పేరు ఎక్కడో ఎక్కుతుంది" అని వెళ్ళరు. చదువు అయిపోయాక కూడా కొన్నాళ్ళు ఇస్తారా లేదా అన్నది క్యాంపస్‌ని బట్టి ఉంటుంది. బయట అదే పని చేయించాలంటే మొదటి కూర్చోవడానికే వందల డాలర్లు. అందుకే ఉద్యోగం, పెళ్ళి, ఇండియా, ఇవన్నీ పక్కన పెట్టి మొట్టమొదట ఆ అపాయింట్‌మెంట్.

అక్కడ ఏం జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే తెలియకే భయపడతారు. గంటసేపు ప్రశ్నలు అడుగుతారు. ఎప్పుడొచ్చావు, ఎలా వచ్చావు, అమ్మానాన్నల పేరు మీద ఎవరైనా ఎప్పుడైనా పిటిషన్ వేశారా, నీ మీదగానీ ఇంట్లోవాళ్ళ మీదగానీ నేరం ఏమైనా జరిగిందా, దొంగతనమో దాడో జరిగితే పోలీస్ రిపోర్ట్ ఇచ్చారా, నాన్న పనిచేసిన చోట జీతం ఎగ్గొట్టి బెదిరించారా. ఈ ప్రశ్నలు ఊరికే అడగరు. కొన్ని నేరాలకి బాధితులై పోలీసులకి సహకరించినవాళ్ళకి యూ వీసా అని ఒకటుంది, బలవంతంగా పని చేయించిన కేసుల్లో టీ వీసా ఉంది. ఒక అమ్మాయి నాలుగేళ్ళు మా క్యాంపస్‌లో చదివింది, పదిహేనేళ్ళ వయసులో వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో తుపాకీతో బెదిరించి దోచుకున్నారు, అది ఇమ్మిగ్రేషన్‌కి సంబంధించిన విషయమని ఆమెకి ఆలోచనే రాలేదు. ఆఖరి సెమిస్టర్‌లో లాయర్ అడిగితే బయటపడింది. యూ వీసా క్యూ ఏళ్ళ తరబడి ఉంటుంది, కానీ క్యూలో ఉండటం వేరు, ఏమీ లేకపోవడం వేరు.

మీకే ఇంకో ఆలోచన వచ్చి ఉంటుంది, నేను సిటిజన్‌నైతే నేనే స్పాన్సర్ చేయలేనా అని. చేయలేరు. మేనమామ మేనకోడలికి పిటిషన్ వేసే కేటగిరీయే లేదు. అక్కకి వేయొచ్చు, కానీ మన దేశానికి ఆ ఎఫ్4 (తోబుట్టువుల) క్యూ పదిహేనేళ్ళకి పైమాటే, పైగా ఇప్పటికే 21 దాటిన పాప అందులో లెక్కలోకి రాదు.

ఇప్పుడు ఉద్యోగం. సూటిగా చెప్తాను, వర్క్ పర్మిట్ లేకుండా కంపెనీ పేరోల్ మీద చేరే దారి లేదు. 1986 చట్టం తర్వాత అమెరికాలో ఎవరిని ఉద్యోగంలోకి తీసుకున్నా ఐ-9 అనే ఫారం నింపాలి. ఆ ఫారం గురించి కాస్త ఆగి చెప్పాలి. నాలుగేళ్ళ క్రితం ఒక పిల్ల నా గదిలోకి ల్యాప్‌టాప్ తెరిచి పట్టుకునే వచ్చింది. ఆఫర్ లెటర్ వచ్చింది, జీతం అంకె చూసి వాళ్ళమ్మ ఏడ్చిందట. స్క్రీన్ మీద ఐ-9. నాలుగు గడులు ఉంటాయి: సిటిజన్, నాన్‌సిటిజన్ నేషనల్, పర్మనెంట్ రెసిడెంట్, పని చేసే అనుమతి ఉన్న నాన్‌సిటిజన్. ఆమె కర్సర్ మొదటి గడి మీద ఉంది. "మేడమ్, మా ఫ్రెండ్ వాళ్ళన్నయ్య ఇదే నొక్కాడు, మూడేళ్ళయింది, ఎవరూ అడగలేదు" అంది. నేను ల్యాప్‌టాప్ మూత మూసేశాను. నాకు అలవాటు లేని పని అది, పిల్లల వస్తువులు ముట్టుకోను. కానీ ఆ ఒక్క క్లిక్‌తో జీవితాంతం గ్రీన్ కార్డ్ తలుపు మూసుకుపోవచ్చు. అమెరికా పౌరుడినని అబద్ధం చెప్పడం ఇమ్మిగ్రేషన్ చట్టంలో క్షమాపణ దాదాపు లేని తప్పు. వీసా దాటి ఉండిపోవడానికి ఏదో ఒక రోజు పరిష్కారం దొరకొచ్చు, సిటిజన్ని పెళ్ళి చేసుకున్నా ఈ తప్పు మాత్రం పోదు. డీఎంవీలో, అంటే డ్రైవింగ్ లైసెన్స్‌ల ఆఫీసులో, లైసెన్స్‌కి వెళ్ళినప్పుడు వోటర్ రిజిస్ట్రేషన్ ప్రశ్న వస్తుంది, అక్కడ కూడా అంతే జాగ్రత్త. ఇవి రెండూ ఆ పాపకి మీరు చెప్పకపోయినా లాయర్ చెప్తారు, కానీ లాయర్ దగ్గరికి వెళ్ళేలోపే ఎవరో ఒక అన్నయ్య చెప్పేస్తాడని నా భయం.

ఆ అన్నయ్యలు మనవాళ్ళలో మరీ ఎక్కువ. మా కన్సల్టెన్సీలో ఎలాగోలా పేరోల్ పెట్టేస్తాం, వేరేవాళ్ళ సోషల్ నంబర్ మీద చేసుకో, నీ బదులు ఇంకొకరి పేరుతో రిమోట్‌గా పని చెయ్యి, జీతంలో ఇంత మాకు. ఇవన్నీ నేను చెవులారా విన్నాను. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ గొడవ గుర్తుందా? అది చదవకుండానే స్టూడెంట్ వీసా నిలుపుకోవాలనుకునేవాళ్ళని పట్టుకోవడానికి ప్రభుత్వమే పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. అరెస్టయిన విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, మనవాళ్ళే ఎక్కువ. వాళ్ళకి ఆ దారి చూపించిన వాళ్ళు కూడా "అందరూ చేస్తున్నదే" అనే అన్నారు.

మరి వచ్చిన పిలుపులకి ఏం చెప్పాలి? అప్లికేషన్‌లో "అమెరికాలో పని చేయడానికి చట్టబద్ధమైన అనుమతి ఉందా" అని అడిగితే అబద్ధం చెప్పకూడదు, అలాగని రిక్రూటర్‌కి కుటుంబ చరిత్రంతా చెప్పాల్సిన పని కూడా లేదు. "ప్రస్తుతం ఫుల్ టైమ్ ఉద్యోగాలు చూడటం లేదు, థాంక్యూ" అంటే చాలు. గుళ్ళో ఆంటీలు "ఎక్కడ వచ్చిందమ్మా జాబ్?" అంటే కూడా ఒక మాట సిద్ధంగా పెట్టుకోమనండి. మా పిల్లలకి నేను ఈ మాటలు బిగ్గరగా ప్రాక్టీస్ చేయిస్తాను, నవ్వుకుంటారు కానీ పనికొస్తుంది.

సొంత పని సంగతి వేరు, ఇక్కడే కొంచెం చోటుంది. ఐ-9 నింపించాల్సింది ఉద్యోగి విషయంలోనే, ఇండిపెండెంట్ కాంట్రాక్టర్‌కి అది లేదు. సొంతంగా వ్యాపారం పెట్టడానికి స్టేటస్ అడిగే చట్టం లేదు. కానీ ఇది వర్క్ పర్మిట్‌కి బదులు అనుకోకండి, అనుమతి లేదని తెలిసీ పని ఇచ్చేవాడిది కూడా చట్టం ప్రకారం తప్పే, కాబట్టి "మా కంపెనీలో కాంట్రాక్ట్ ఇస్తాను" అని విషయం అంతా తెలిసిన మీరే ముందుకు రాకండి. సొంత పని తన కేసు మీద ఎలా పడుతుందన్నది కూడా ఆ గంటలోనే లాయర్ని అడగాలి. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇమ్మిగ్రెంట్స్ రైజింగ్ అనే సంస్థ ఉంది, ఇదే విషయం మీద పిల్లలకి శిక్షణ, సమాచారం ఇస్తుంది. ఎవరి మాట నమ్మాలో తెలియనప్పుడు నేను పంపించేది అక్కడికే.

పని మొదలుపెట్టాలంటే ముందు ఐటిన్ చూసుకోవాలి. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేనివాళ్ళు పన్ను కట్టడానికి ఐఆర్ఎస్ ఇచ్చే నంబర్ అది. హెచ్-4 పిల్లలకి నాన్నలు టాక్స్ ఫైల్ చేసేటప్పుడు డిపెండెంట్ కింద తీసి ఉంటారు, కాబట్టి పాపకి బహుశా చిన్నప్పుడే వచ్చి ఉంటుంది. వరుసగా మూడేళ్ళు ఏ రిటర్న్‌లోనూ వాడకపోతే అది ఎక్స్‌పైర్ అవుతుంది, 2019 తర్వాత బావగారు ఫైల్ చేశారో లేదో అడగండి. ఇక్కడ ఒక మెలిక చెప్పకపోతే తప్పవుతుంది, 2025 ఏప్రిల్‌లో ట్రెజరీ, హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖలు పన్ను వివరాలు పంచుకునే ఒప్పందం చేసుకున్నాయి, దాని మీద కోర్టుల్లో కేసులు పడ్డాయి. పన్ను కట్టడం మంచిదే, రేపు ఏ దరఖాస్తులోనైనా మంచి నడవడికకి సాక్ష్యం. కానీ ఏ అడ్రస్ ఇవ్వాలి, ఎప్పుడు ఫైల్ చేయాలి అన్నది లాయర్‌తో మాట్లాడాకే.

ఎల్ఎల్‌సీ, అంటే ఒక చిన్న కంపెనీ, పెట్టేయమని యూట్యూబ్ అంతా చెప్తుంది. కాలిఫోర్నియాలో ఎల్ఎల్‌సీ ఉంటే పైసా రాకపోయినా ఏటా కనీసం 800 డాలర్లు రాష్ట్రానికి కట్టాలి. మొదటి ఏడాది సోల్ ప్రొప్రైటర్‌గా, అంటే తన పేరు మీదే పని చేసుకుంటే చాలు, క్లయింట్లు స్థిరపడ్డాక చూసుకోవచ్చు. మా పూర్వ విద్యార్థిని ఒకామె నెయిల్ సెలూన్లకి అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేర్ చేస్తుంది. మొదటి ఇన్‌వాయిస్ 350 డాలర్లు, ఎలా రాయాలో తెలియక నా దగ్గర కూర్చుని మూడుసార్లు మార్చింది. వచ్చిన ప్రతి చెక్‌లో పాతిక ముప్పై శాతం వేరే ఖాతాలో పెట్టమన్నాను, ఎందుకంటే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్సే 15.3 శాతం, దాని మీద ఇన్‌కమ్ టాక్స్, పైగా ఏడాదికి నాలుగు వాయిదాల్లో కట్టాలి. నా మాట వినలేదు, ఆ ఏప్రిల్‌లో వాళ్ళ నాన్న దగ్గర అప్పు చేసింది. ఇప్పుడు నాకంటే బాగా లెక్కలు చూస్తుంది.

మాస్టర్స్, పీహెచ్‌డీ సంగతి కొంచెం తేలిక, కొంచెం కష్టం. చేరడానికి స్టేటస్ అడ్డు కాదు, కాలిఫోర్నియా పబ్లిక్ యూనివర్సిటీల్లో ఏబీ 540 అనే రాష్ట్ర చట్టం కింద వచ్చే లోకల్ ఫీజు గ్రాడ్యుయేట్ చదువుకి కూడా వర్తిస్తుంది. చిక్కు టీచింగ్ అసిస్టెంట్‌షిప్ దగ్గర, అది ఉద్యోగం కిందికే వస్తుంది. పని అడగకుండా ఇచ్చే ఫెలోషిప్ వేరు. అందుకే డిపార్ట్‌మెంట్‌కి రాసేటప్పుడు "ఫండింగ్ ఉందా" అని కాదు, "ఫండింగ్ ఫెలోషిప్‌గా ఇవ్వగలరా" అని అడగాలి. యూసీ వాళ్ళు ఈ పిల్లల్ని క్యాంపస్ ఉద్యోగాల్లోకి తీసుకోవాలా అని 2023లో ఆలోచించి, 2024 జనవరిలో వాయిదా వేసేశారు, ఆరోజు మా ఆఫీసులో ఎవరూ మధ్యాహ్నం భోజనం సరిగ్గా తినలేదు. పాప నర్సింగో టీచింగో చదివి ఉంటే లైసెన్స్ గురించి కూడా రాసేదాన్ని. కాలిఫోర్నియాలో 2014 చట్టం తర్వాత చాలా వృత్తుల లైసెన్స్‌కి స్టేటస్ అడ్డు కాదు, కానీ లైసెన్స్ వర్క్ పర్మిట్ కాదు, ఆ రెండూ కలిపేసి ఆనందపడినవాళ్ళని చూశాను.

పెళ్ళి గురించి అడిగారు. బంధువులు చెప్పేదాంట్లో సగం నిజం ఉంది, ఆ సగమే ప్రమాదం. మీ పాప సరిహద్దు దాటి రాలేదు, వీసా మీద విమానం దిగి, ఆఫీసర్ ముద్ర వేస్తే లోపలికి వచ్చింది. అలా వచ్చినవాళ్ళు తర్వాత స్టేటస్ పోగొట్టుకున్నా, అమెరికా పౌరుడిని నిజంగా పెళ్ళి చేసుకుంటే దేశం వదలకుండానే గ్రీన్ కార్డ్‌కి అప్లై చేసే వీలు చట్టంలో ఉంది. సరిహద్దు దాటి వచ్చిన మా మెక్సికన్ పిల్లలకి సాధారణంగా ఇది కుదరదు. అందుకే ఆ 2013 నాటి ప్రవేశానికి రుజువు బంగారం కంటే విలువైనది: పాత పాస్‌పోర్ట్, అందులో వీసా, ఎంట్రీ స్టాంప్, ఐ-94 అనే ప్రవేశ రికార్డు. 2013 వేసవి నాటికి విమానాశ్రయాల్లో ఐ-94 ఎలక్ట్రానిక్ అయిపోయింది, కాబట్టి పాపకి తెల్ల కార్డు ఉండదు, వెబ్‌సైట్ నుంచి తీసుకోవాలి. తర్వాత ఎక్స్‌టెన్షన్ వచ్చి ఉంటే ఐ-797 అనే ఆమోద పత్రం అడుగున కొత్త ఐ-94 ఉంటుంది. 2011లో వచ్చిన ఒక అబ్బాయి వాళ్ళ ఇంట్లో పాస్‌పోర్ట్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు, రెండు ఇళ్ళు మారారు. చివరికి వాళ్ళమ్మ దేవుడి అలమరలో, పాత పంచాంగం మడతల్లో దొరికింది, తెల్ల కార్డు తుప్పు పట్టిన పిన్నుతో ఇంకా అలాగే ఉంది. ఆవిడ ఆ కార్డుకి కుంకుమ బొట్టు కూడా పెట్టింది, లాయర్ ఆ మరక ఏంటని అడిగితే అబ్బాయి చెప్పలేక నవ్వేశాడు.

కానీ పెళ్ళి "చేసేయడం" గురించి మాత్రం నేను గట్టిగా వద్దంటాను. కాగితం కోసం పెళ్ళి నేరం, అయిదేళ్ళ జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, ఒకసారి అలా తేల్చారంటే తర్వాత నిజమైన పెళ్ళి చేసుకున్నా పిటిషన్ ఒప్పుకోరు. ఇది పక్కన పెట్టినా, ఇరవై రెండేళ్ళ పిల్లని కాగితాల కోసం ఒకరి దయ మీద కూర్చోబెట్టడం ఎంత చెడ్డదో నేను రెండు ఇళ్ళలో చూశాను, వివరాలు రాయను. నిజంగా ఇష్టపడి చేసుకున్నా ఇప్పుడు లాయర్ లేకుండా వెళ్ళొద్దు, 2025 చివర్లో సాన్ డియేగోలో గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూకి వెళ్ళినవాళ్ళనే అక్కడికక్కడ అదుపులోకి తీసుకున్నారు.

ఇండియా. "పంపేస్తే" అన్నారు మీరు, ఆ మాట నాకు నచ్చలేదు, కానీ ప్రశ్న మంచిదే. చాలామంది కౌన్సెలర్లు ఈ ప్రశ్న దగ్గరికే రారు, వెళ్ళిపోవడం అంటే ఓడిపోవడం అన్నట్టు చూస్తారు. నేను అలా అనుకోను. పాప భారత పౌరురాలు, అక్కడ పని చేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, అమెరికన్ డిగ్రీ పైచదువుకో ప్రభుత్వ ఉద్యోగానికో కావాలంటే ఈక్వివలెన్స్, అంటే అక్కడి డిగ్రీతో సమానమనే పత్రం, తెచ్చుకోవచ్చు, ప్రైవేట్ కంపెనీలు చాలావరకు అది కూడా అడగవు. కెనడా, జర్మనీ మాస్టర్స్ కూడా ఆలోచించదగ్గవే. కానీ లెక్క తెలిసి అడుగు వేయాలి. పద్దెనిమిది నిండాక అనుమతి లేకుండా ఏడాది దాటి ఉండి దేశం వదిలితే పదేళ్ళు తిరిగి రాకుండా నిషేధం పడుతుంది. పాపకి ఇరవై రెండు, ఆ ఏడాది ఎప్పుడో దాటిపోయింది. 2024 జూన్‌లో బైడెన్ ప్రభుత్వం, డిగ్రీ ఉండి ఉద్యోగం ఆఫర్ ఉన్నవాళ్ళు బయటికి వెళ్ళి మినహాయింపుతో వర్క్ వీసా మీద తిరిగి వచ్చే పద్ధతిని సులువు చేస్తామంది, అప్పట్లో మేం కూడా ఆశపడ్డాం. కానీ లాటరీలో రావాలి, బయట ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్‌కి 2025 సెప్టెంబర్‌లో లక్ష డాలర్ల ఫీజు పెట్టారు, కాన్సులేట్ కాదంటే పదేళ్ళూ బయటే. దాన్ని నమ్ముకుని ఇవాళ విమానం ఎక్కడం నేను చెప్పను.

2022లో మా దగ్గర చదివిన ఒక అబ్బాయి అన్నీ ఆలోచించుకునే హైదరాబాద్ వెళ్ళాడు. మాదాపూర్‌లో ఒక మల్టీనేషనల్ కంపెనీలో చేస్తున్నాడు, తెలుగు చదవడం ఆటో వెనక రాతలు చూసి నేర్చుకున్నానని మెసేజ్ పెట్టాడు. బాగున్నాడు. కిందటేడు పెళ్ళయింది. వాళ్ళమ్మానాన్న ఇక్కడి నుంచి కదిలితే తిరిగి రాలేరు, చెల్లి ఇంకా స్కూల్లో ఉంది, అందుకని తెల్లవారుజామున లేచి పట్టుబట్టలు కట్టుకుని వీడియో కాల్‌లో అక్షింతలు వేశారు. ఇండియా గురించి మాట్లాడేటప్పుడు ఉద్యోగం ఒక్కటే కాదు, దీని గురించి కూడా మీ అక్క, బావగారు, పాప కలిసి కూర్చుని మాట్లాడుకోవాలి. మీరు కాదు, వాళ్ళు.

ఇక మీరు చేయాల్సినవి. ముందు చేయకూడనిది ఒకటి: "డల్లాస్ వచ్చెయ్యి, మా ఇంట్లో ఉండు" అనకండి. ప్రేమతోనే అంటారు, తెలుసు. కాలిఫోర్నియాలో 2015 నుంచి స్టేటస్ లేకపోయినా డ్రైవింగ్ లైసెన్స్ ఇస్తారు, టెక్సాస్‌లో ఇవ్వరు. టెక్సాస్‌లో 2001 నుంచి ఉన్న లోకల్ ఫీజు సౌకర్యం కూడా 2025 జూన్‌లో ఒక్క రోజులో కోర్టులో పోయింది. అక్కడ ఆమె కారు తీసి పాలు తేవడానికి వెళ్ళడం కూడా రిస్కే.

డబ్బు ఇవ్వగలిగితే పార్టీకి, నగకి వద్దు. లాయర్ ఫీజుకో, ల్యాప్‌టాప్‌కో ఇవ్వండి. కాలేజీ ఇన్సూరెన్స్ పోయేలోపు పళ్ళు, కళ్ళు చూపించుకోమనండి. కాలిఫోర్నియా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడి-కాల్‌లో స్టేటస్ లేని పెద్దవాళ్ళని 2026 జనవరి నుంచి కొత్తగా చేర్చుకోవడం ఆపేశారు, ఆమె ముందే అందులో ఉంటే రెన్యూవల్ ఉత్తరం వచ్చినప్పుడు పొరపాటున కూడా వదలొద్దు. కజిన్లు గ్రాడ్యుయేషన్ ట్రిప్ అని మెక్సికోలోని కాంకున్ ప్లాన్ చేస్తుంటే మీరే ముందుగా ఆ ప్లాన్‌ని ఇక్కడి తాహో సరస్సు వైపు తిప్పేయండి, ఎందుకో ఎవరికీ చెప్పకుండా. ఆమె నోటితో "నేను రాలేను" అనిపించకుండా చేయడమే ఆమెకి పెద్ద సాయం. ఇండియన్ పాస్‌పోర్ట్ గడువు కూడా చూడమనండి, చిన్నప్పుడు తీసింది అయిదేళ్ళకే పోతుంది. రెన్యూవల్‌కి వెళ్ళేముందు మాత్రం లాయర్‌తో మాట్లాడాలి.

ఇంకొకటి చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుర్రాడికి సాయం చేద్దామని వాళ్ళ ప్రొఫెసర్‌కి ఈమెయిల్ రాశాను, ఇతనికి కాగితాలు లేవు, కాస్త ఏదైనా ఫెలోషిప్ ఉంటే చూడండి అని. మంచి ఉద్దేశమే. ప్రొఫెసర్ కూడా మంచివాడే, ఆ ఈమెయిల్‌ని ఇంకో ఇద్దరికి ఫార్వర్డ్ చేశాడు. కుర్రాడికి ఆ సంగతి తెలిసింది. నన్నేమీ అనలేదు. మళ్ళీ మా ఆఫీసుకి రాలేదు, అంతే. డిగ్రీ రోజు గౌనులో దూరం నుంచి కనిపించాడు, చెయ్యి ఊపాను, చూడనట్టు వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి ఎవరి సంగతైనా ఎవరికైనా చెప్పాలంటే ముందు ఆ మనిషినే అడుగుతాను, ఏం రాస్తున్నానో చూపించి, వాళ్ళు సరే అన్నాకే పంపుతాను.

మీ ప్రశ్నలో కూడా పాప వచ్చిన నెల, ఊరు, కాలేజీ పేరు, బావగారు పనిచేసిన కంపెనీ పేరు అన్నీ రాశారు. ఇది చదివాక ముందు అవి తీసేయండి, నేను పైన కాలేజీ, కంపెనీ పేర్లు కావాలనే రాయలేదు. ఆ తర్వాత అక్కకి కాదు, పాపకి ఫోన్ చేయండి. మామయ్య నీ గురించి ఒకచోట అడిగాడు అని చెప్పండి, కోప్పడితే పడనివ్వండి. లాయర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నావా, రమ్మంటే నేను బయట కారులో కూర్చుంటాను అనండి. ఆమె సరే అంటేనే, ఆ పాత పాస్‌పోర్ట్ ఎక్కడుందో అక్కని వెతకమని చెప్పండి.